టైమింగ్ బెల్టు తెగిందా, క్యామ్‌షాఫ్ట్ పోయిందా? పాత కార్ల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది అనంతపురం. పాత కార్ల పని చేస్తాం, షెడ్డుకు వచ్చేవాటిలో ఎక్కువ భాగం పదిహేనేళ్లు, ఇరవై ఏళ్లు దాటినవే. గుత్తి దగ్గర ఆగిపోయిందన్నా అని ఒకరు, గువ్వలచెరువు ఘాట్‌లో నిలబడిపోయామన్నా అని ఒకరు ఫోన్ చేస్తుంటారు. వాళ్లు అడిగేవీ అవే, నేను చెప్పేవీ అవే. చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి ఇక్కడ రాసి పెడుతున్నా. టైమింగ్ బెల్టు అంటే ఇంజిన్‌లో క్యామ్‌షాఫ్ట్‌ను తిప్పే పళ్ల బెల్టు; గాలి వచ్చే, పొగ పోయే దారుల మూతలను, అంటే వాల్వులను, తెరిచి మూసేది ఆ క్యామ్‌షాఫ్టే.

నడుస్తున్న బండి ఠక్కున ఆగిపోయింది. టైమింగ్ బెల్టే తెగిందని ఎట్లా తెలుస్తుంది?

సెల్ఫ్ శబ్దం వినండి. మామూలుగా సెల్ఫ్ కొడితే ఇంజిన్ ఆగి ఆగి, ఎత్తి ఎత్తి తిరిగినట్టు వినిపిస్తుంది. ఒక్కో సిలిండర్‌లో గాలి నొక్కుకునేటప్పుడు సెల్ఫ్ మోటార్ మీద బరువు పడుతుంది, ఆ బరువు వల్లే ఆ లయ. బెల్టు తెగితే వాల్వులు కదలవు, కొన్ని తెరుచుకునే ఉండిపోతాయి, గాలి నొక్కుకోదు. దాంతో సెల్ఫ్ ఒకే ధారగా, మామూలు కన్నా వేగంగా తిరుగుతుంది. ఖాళీ జార్ పెట్టి మిక్సీ వేసినట్టు ఉంటుంది. ఒకసారి విన్న చెవి మళ్లీ మర్చిపోదు.

పెట్రోల్ అయిపోయినా, కాయిల్ పోయినా, పంప్ పోయినా బండి ఆగుతుంది గానీ సెల్ఫ్ శబ్దం మారదు. మొదటి తేడా అక్కడే పట్టుకోవాలి.

తర్వాత కంటితో చూడటం. పాత కార్బొరేటర్ బండ్లలో చాలావాటికి ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పేది క్యామ్‌షాఫ్టే. దాని మూత తీసి, ఇంకొకరిని ఒక్క క్షణం సెల్ఫ్ కొట్టమని, లోపలి రోటర్ తిరుగుతోందా చూడండి. తిరగకపోతే విషయం తేలిపోయినట్టే. కొన్ని బండ్లలో ఆయిల్ పోసే మూత తీసి టార్చ్ వేస్తే వాల్వులను తొక్కే రాకర్లు కదిలేది కనిపిస్తుంది. ఇంజిన్‌ను చేత్తో పానా వేసి కొంచెం తిప్పి చూస్తే ఇంకా మేలు.

ఇంకొక మాట. పైకవర్ విప్పి చూస్తే బెల్టు నిక్షేపంగా కనిపించవచ్చు, బెల్టు బాగానే ఉందప్పా అని అక్కడే మోసపోతారు. తెగకుండానే కింద క్రాంక్ గేరు దగ్గర నాలుగైదు పళ్లు ఊడిపోయి ఉంటాయి, గేరు ఆ నున్నటి చోట ఊరికే తిరుగుతుంటుంది. పైన బెల్టు ఉండటం కాదు, ఇంజిన్ తిప్పితే ఆ బెల్టు కదులుతోందా అన్నదే చూడాలి.

ఇంకొక్కసారి సెల్ఫ్ కొట్టి చూడొచ్చా?

బెల్టు తెగిందని తేలాక వద్దు. తోసి స్టార్ట్ చేయడమూ వద్దు, గేర్‌లో పెట్టి లాగడమూ వద్దు. క్రాంక్ తిరిగిన ప్రతిసారీ పిస్టన్ పైకి వచ్చి, దారిలో తెరుచుకుని నిలబడిన వాల్వును గుద్దుతుంది.

మా మామకు ఒక చిన్న డీజిల్ కారు ఉండేది. హైదరాబాద్ నుంచి వస్తూ డోన్ దాటాక ఆగిపోయింది. ఫోన్ చేసి "అల్లుడూ, డీజిల్ ఫిల్టర్ అనుకుంటా" అన్నాడు. అప్పటికే ఎనిమిది, పదిసార్లు సెల్ఫ్ కొట్టాడు, బ్యాటరీ కూడా దిగిపోయింది. పక్కనున్న లారీ వాళ్లు పుణ్యం కొద్దీ కొంతదూరం తోశారు, సెకండ్ గేర్‌లో పెట్టి క్లచ్ వదిలాడు. హెడ్, అంటే వాల్వులుండే ఇంజిన్ పైభాగం, దించి చూస్తే ఎనిమిది వాల్వుల్లో ఆరు వంగాయి, పిస్టన్ల నెత్తిన నెలవంకల్లా గుర్తులు పడ్డాయి, ఒక పిస్టన్ మీద ఆ నెలవంక వేలిగోరు దిగేంత లోతు. తెగిన క్షణంలోనే కొన్ని వంగి ఉంటాయి, అది ఎవరి చేతుల్లోనూ లేదు. ఆ తర్వాత చేసిన ప్రయత్నాలు ఊరికే పోలేదని మాత్రం చెప్పగలను.

న్యూట్రల్‌లో పెట్టి తాడు కట్టి లాక్కురండి, లేదంటే రికవరీ వ్యాన్ పిలవండి.

అసలు ఈ బెల్టు చేసే పని ఏంటి?

కింద పిస్టన్లను ఆడించే క్రాంక్‌షాఫ్ట్ ఉంటుంది, పైన వాల్వులను తెరిచి మూసే క్యామ్‌షాఫ్ట్ ఉంటుంది. రెండూ ఒక తాళంలో తిరగాలి: కింద రెండు చుట్లు తిరిగితే పైన సరిగ్గా ఒక చుట్టు. ఆ తాళం తప్పకుండా పట్టి ఉంచేదే ఈ పళ్ల బెల్టు. ఇంజిన్ 3000 ఆర్‌పీఎంలో ఉందంటే ఒక్కో వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుంటుంది. ఇంత పనీ మోసేది లోపల గాజు పీచు దారాలున్న ఒక రబ్బరు పట్టీ. బయట బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ను తిప్పే ఫ్యాన్ బెల్టు వేరు, అది తెగితే బ్యాటరీ లైటు వెలుగుతుంది. ఇది తెగే ముందు మామూలుగా ఏ లైటూ వెలగదు.

మా బండికి బెల్టు ఉందా, చైను ఉందా?

1983 డిసెంబర్ నుంచి 2014 జనవరి దాకా తయారైన మారుతి 800కు బెల్టే. పాత జెన్, ఎస్టీమ్, 1998లో వచ్చిన శాంత్రో, పాత యాక్సెంట్ పెట్రోల్, ఇండికా డీజిల్, ఇవన్నీ బెల్టు బండ్లు. మారుతిలో కె సిరీస్ పెట్రోల్ ఇంజిన్లు, స్విఫ్ట్‌లో వచ్చిన 1.3 లీటర్ల డీజిల్ చైనుతో నడుస్తాయి. అంబాసిడర్ పాత పెట్రోల్ ఇంజిన్, ప్రీమియర్ పద్మిని కూడా చైనే. ఇన్నోవా 2.5 డీజిల్‌కు బెల్టు ఉంటుంది, అంత గట్టి బండికి రబ్బరు బెల్టా అని చాలామంది నమ్మరు.

పేరును బట్టి కాకుండా ఇంజిన్‌ను బట్టి చూడండి. ఒకే పేరుతో వచ్చిన బండికి ఒక ఏడు బెల్టు, ఇంకో ఏడు చైను ఉంటుంది. సాధారణంగా ఇంజిన్ పక్కన ప్లాస్టిక్ కవర్ ఉంటే బెల్టు, ఆయిల్ కారకుండా సీల్ చేసిన ఇనుప లేదా అల్యూమినియం కవర్ ఉంటే చైను.

తెగితే ప్రతిసారీ వాల్వులు వంగుతాయా?

వంగవు. కొన్ని ఇంజిన్లలో వాల్వు పూర్తిగా తెరుచుకున్నా, పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినా రెండింటి మధ్య ఖాళీ మిగులుతుంది. అలాంటి బండిలో కొత్త బెల్టు వేస్తే చాలు, స్టార్ట్ అవుతుంది. రెండూ ఒకే చోటికి వచ్చే ఇంజిన్లలో మాత్రం గుద్దుకోవడమే. డీజిల్ అయితే ఆశ పెట్టుకోవద్దు. గాలిని అంత గట్టిగా నొక్కాలంటే పైన ఖాళీ ఉంచే వీలుండదు, కాబట్టి దాదాపు అన్ని డీజిల్ ఇంజిన్లూ గుద్దుకునే రకమే. గుద్దుకునే రకంలో కూడా నిదానంగా, ఐడిల్‌లో ఉన్నప్పుడు తెగితే ఒకటీ అరా వంగి బయటపడిన బండ్లున్నాయి.

మాది తక్కువ తిరిగిన బండి. బెల్టు మార్చి 30 వేలు కూడా కాలేదు. అప్పుడే ఎందుకు తెగింది?

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. నేను తిరిగి అడిగేది ఒక్కటే: మార్చి ఎన్నేళ్లయింది?

మీటరు చూస్తారు గానీ క్యాలెండర్ చూడరు. బండిని బట్టి బెల్టు 60,000 నుంచి 1,00,000 కిలోమీటర్ల దాకా అని మాన్యువల్‌లో రాసి ఉంటుంది, చాలా మాన్యువల్స్‌లో ఆ పక్కనే ఏళ్ల లెక్క కూడా ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు. బండి షెడ్డులో నిలబడి ఉన్నా రబ్బరు ముసలిదవుతూనే ఉంటుంది. గట్టిపడుతుంది, వీపున సన్నటి పగుళ్లు వస్తాయి, పళ్ల మొదట్లో చీలిక మొదలవుతుంది. పైగా ఎప్పుడూ కదలని బండిలో బెల్టు అదే గేరు చుట్టూ అదే వంపులో నెలల తరబడి పడి ఉంటుంది.

మన దగ్గర పాత కారు అంటే ఎట్లా వాడతారో తెలుసు కదా. ఊళ్లో అంగడికి, ఏడాదికి రెండుసార్లు పెళ్లికి, ఒకసారి తిరుమలకు. ఏడాదికి మూడు వేలు తిరగడం ఎక్కువ. ఆ లెక్కన 60,000 నిండాలంటే ఇరవై ఏళ్లు పడుతుంది, బెల్టు అంతకాలం కాచుకుని కూర్చోదు. ఏడాదంతా పాలకేంద్రం దాకా నడిచి, ఒక్కరోజు నలుగురిని ఎక్కించుకుని ఏసీ వేసి 100 మీద బెంగళూరు వెళితే, చిక్కబళ్లాపురం దగ్గర తెగుతుంది. ఇందులో బండి తప్పు ఏముంది?

నా లెక్క ఇది: కిలోమీటర్లు ఎంతైనా కానీ, ఐదేళ్లు నిండితే మార్చేయాలి. మాన్యువల్ ఇంకా తక్కువ చెబితే మాన్యువల్ మాటే వినండి.

మన ఎండలకు బెల్టు తొందరగా పోతుందా?

పోతుంది. మే నెలలో కర్నూలులో బయటే 43, 44 డిగ్రీలుంటే బానెట్ కింద ఎంత ఉంటుందో ఊహించుకోండి. రబ్బరుకు వేడి కన్నా పెద్ద శత్రువు ఇంకొకటుంది, అది ఆయిల్. క్యామ్ సీల్ నుంచి చుక్క చుక్కగా కారే ఆయిల్ బెల్టు మీద పడితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, పళ్లు చేత్తో గిల్లితే వచ్చేంత అవుతాయి. కొత్త బెల్టు కూడా అంతే.

మూడోది దుమ్ము. తాడిపత్రి, బేతంచెర్ల వైపు రాళ్ల పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర తిరిగే బండ్ల కవర్ విప్పితే లోపల తెల్లటి పిండి పేరుకుని ఉంటుంది. ఆ బండ్లకు కింది కవర్ స్క్రూలు రెండు ఎప్పుడో పోయి ఉంటాయి, పోయిన స్క్రూ కదా అని ఎవరూ పట్టించుకోరు. ఆ సందులోంచే దుమ్ము లోపలికి పోయి, బెల్టును బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ బేరింగ్‌ను తినేస్తుంది.

బెల్టు తెగలేదు, కానీ పికప్ లేదు, ఠప్ ఠప్‌మని సైలెన్సర్‌లో కొడుతోంది. పన్ను జారిందా?

జారి ఉండవచ్చు. కింది గేరుకు 20 పళ్లు, పైదానికి 40 ఉన్నాయనుకోండి, ఒక్క పన్ను జారితే క్రాంక్ లెక్కలో 18 డిగ్రీల తేడా. స్టార్ట్ అవుతుంది గానీ కష్టంగా, ఐడిల్‌లో వణుకుతుంది, ఎత్తు ఎక్కదు, ఎయిర్ క్లీనర్‌లోంచో సైలెన్సర్‌లోంచో ఎదురు కొడుతుంది, పెట్రోల్ తాగుతుంది. వ్యాక్యూమ్ తగ్గుతుంది కాబట్టి బ్రేక్ పెడల్ కూడా కాస్త గట్టిగా అనిపించవచ్చు. స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్ ఉన్న బండి అయితే స్కానర్‌లో పీ0016 అనే కోడ్ వస్తుంది, క్రాంక్ సెన్సర్ చెప్పేదీ క్యామ్ సెన్సర్ చెప్పేదీ కుదరడం లేదని దానర్థం. ఆ కోడ్ రాగానే సెన్సర్ మార్చేస్తుంటారు కొందరు. ముందు కవర్ విప్పి, గేర్ల మీద ఉండే టైమింగ్ గుర్తులు కలిశాయా చూడమని గట్టిగా అడగండి.

గుర్తులు సరిగ్గా ఉన్నా బండి లాగకపోతే క్రాంక్ కీ చూడాలి. కింది గేరును షాఫ్ట్‌కు పట్టి ఉంచే చిన్న ఇనుప ముక్క అది, కొన్ని బండ్లలో అర్ధచంద్రంలా ఉంటుంది. పుల్లీ బోల్టు సరిగా బిగించకపోతే ఆ ముక్క నలిగి, గాడి వెడల్పయి, గేరు కొద్దిగా తిరిగిపోతుంది. బెల్టు కొత్తది, గేర్లు బాగున్నాయి, కానీ టైమింగ్ ఉండదు. ఒక బండికి ఇది కనిపెట్టడానికి నాకు రెండు రోజులు పట్టింది, అంతకుముందే ఆ బండికి కార్బొరేటర్, ప్లగ్గులు, కాయిల్ అన్నీ ఎవరో మార్చి పంపారు.

ఇంజిన్ పైనుంచి టక టక శబ్దం. క్యామ్‌షాఫ్ట్ పోయిందా?

ముందు ఆయిల్ చూడండి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ తక్కువుంటే ముందు అది నింపండి, క్యామ్ గురించి తర్వాత మాట్లాడుకుందాం.

ఆయిల్ సరిగ్గానే ఉంటే టాపెట్ ఖాళీలు, అంటే వాల్వుకూ దాన్ని తొక్కే భాగానికీ మధ్య ఉంచే సన్నటి సందు, సరిచూడాలి, ఇది చాలా బండ్లలో గంట పని. అడ్జస్ట్ చేసినా నెల రోజుల్లో మళ్లీ అదే చోట శబ్దం మొదలైతే అప్పుడు క్యామ్ మీద అనుమానం. టాపెట్ కవర్ విప్పి, ఒక్కో లోబ్ మీద, అంటే వాల్వును తొక్కే ఆ గుడ్డు ఆకారపు బొడిపె మీద, వేలిగోరుతో గీకి చూస్తే గరుకు, గుంటలు తెలుస్తాయి. పక్కదానితో పోల్చి మైక్రోమీటర్ పెట్టి ఎత్తు కొలవండి. ఒకటి మాత్రం అరిగితే ఆ సిలిండర్ వాల్వు పూర్తిగా తెరుచుకోదు, అక్కడే మిస్సింగ్ కొడుతుంది. కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి, చూస్తే ఒక్కోసారి బాగానే ఉంటుంది, అందుకే ఇది చాలామందికి దొరకదు.

లోబ్ అరగడానికి, క్యామ్ దాని సీట్లలో పట్టేయడానికి కారణం ఎక్కువసార్లు ఒకటే, ఆయిల్ పైకి చేరకపోవడం. ఆయిల్ ఏళ్ల తరబడి మార్చకపోతే నల్లటి హల్వా లాగా గడ్డకట్టి పైకి పోయే రంధ్రాన్ని మూసేస్తుంది. కొత్త క్యామ్ వేసి ఆ రంధ్రం శుభ్రం చేయకపోతే కొత్తదీ పోతుంది. అరిగిన క్యామ్ మార్చేటప్పుడు దాన్ని రుద్దుకుంటూ నడిచిన రాకర్లను కూడా మార్చాలి, పాత రాకర్ కొత్త లోబ్‌ను కొరికేస్తుంది. క్యామ్ పట్టేసిన బండిలో బెల్టు పళ్లు ఊడతాయి, జనం బెల్టును తిట్టి కొత్తది వేయిస్తారు, అది మర్నాడే పోతుంది. బెల్టు వేసే ముందు క్యామ్ పుల్లీని చేత్తో తిప్పి చూడటం ఇందుకే.

తెగిన బెల్టును చూసి కారణం చెప్పొచ్చా?

చాలావరకు చెప్పొచ్చు, అందుకే పాత బెల్టు పారేయకుండా అడిగి తీసుకోండి. కత్తితో కోసినట్టు అడ్డంగా సూటిగా తెగి ఉంటే, వేసేటప్పుడో అంతకుముందో ఎవరో దాన్ని మడిచి ఉంటారు. లోపలి గాజు దారాలు లాగితే సాగవు, మడిస్తే మాత్రం విరుగుతాయి. షాపులో కొత్త బెల్టును మేకుకు తగిలించి, లేదా నాలుగు మడతలు వేసి రబ్బరు బ్యాండ్ చుట్టి పెట్టి ఉంటే అది కొనొద్దు. వంకరటింకరగా, పీచులు పీచులుగా తెగితే మధ్యలో ఏదైనా రాయో బోల్టో పడి ఉంటుంది. పళ్లు వరసగా ఊడితే ఏదో ఒకటి పట్టేసింది, క్యామ్ కావచ్చు, వాటర్ పంప్ కావచ్చు, లేదా బెల్టు వదులుగా ఉండి ఎగిరింది. ఒక అంచు మాత్రం కొరికినట్టుంటే పుల్లీ వంకర లేదా బేరింగ్ ఆడుతోంది. వీపు అద్దంలా మెరుస్తుంటే టెన్షనర్ తిరగడం ఆపేసి బెల్టు దాని మీద రుద్దుకుంది.

హెడ్ దించకుండా వాల్వులు వంగాయో లేదో తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు. తెలుసుకోకుండా హెడ్ దించనివ్వకండి.

కొత్త బెల్టో, పాతదే అయినా పళ్లున్న బెల్టో గుర్తులు కలిపి వేసి, ప్లగ్గులన్నీ తీసి, పానాతో చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పాలి. ఎక్కడైనా ఇనుముకు ఇనుము తగిలి ఆగితే బలవంతం చేయొద్దు. సాఫీగా తిరిగితే కంప్రెషన్ గేజ్ పెట్టండి. పెట్రోల్ బండిలో మామూలుగా 150, 180 పీఎస్ఐ మధ్య ఉంటుంది, ఒకటి రెండు సిలిండర్లలో సున్నా దగ్గర ఉందంటే వాల్వు కూర్చోవడం లేదు. ఏ వాల్వో కూడా చెప్పొచ్చు: ఆ సిలిండర్ పిస్టన్‌ను పైకి తెచ్చి, రెండు వాల్వులూ మూసుకున్న చోట ఆపి, ప్లగ్ రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి ఎక్కించండి. కార్బొరేటర్‌లో బుస్సుమంటే ఇన్‌టేక్ వాల్వు, సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్. ఆయిల్ మూతలోంచి గాలి వస్తే పిస్టన్ రింగులు, రేడియేటర్‌లో బుడగలు లేస్తే హెడ్ ప్యాకింగ్. పదిహేను నిమిషాల్లో తేలిపోతుంది.

నేనే ఇంట్లో మార్చుకోవచ్చా?

పానాలు పట్టడం అలవాటుండి, మీ బండి మాన్యువల్ చేతిలో ఉంటే పెట్రోల్ బండి అయితే చేసుకోవచ్చు. డీజిల్ వద్దు, చాలావాటిలో ఇంజెక్షన్ పంపును కూడా ఇదే బెల్టు తిప్పుతుంది, మూడు గుర్తులు కలవాలి.

బ్యాటరీ తీగ తీయండి. ప్లగ్గులు తీయండి, ఇంజిన్ తేలిగ్గా తిరుగుతుంది. ఇంజిన్‌ను పట్టి ఉంచే మౌంటింగ్ విప్పాల్సిన బండి అయితే ఇంజిన్ కింద చెక్క ముక్క పెట్టి జాకీ ఎత్తండి. విప్పకముందే ఇంజిన్‌ను ఒకటో సిలిండర్ గుర్తుకు తెచ్చి, పైగేరు గుర్తు హెడ్ మీది గుర్తుతో, కిందిగేరు గుర్తు ఆయిల్ పంప్ మీది గుర్తుతో కలిసిందా చూసి ఫోన్‌లో ఫొటో తీసుకోండి. బయటి పుల్లీ మీద ఉండేది ఇగ్నిషన్ గుర్తు, లోపలి గేరు గుర్తు వేరు, ఈ రెండింటినీ కలగలిపి పాడుచేసుకున్న వాళ్లు చాలామంది. అప్పటికే తెగిన బండి, నాలుగు సిలిండర్లది అయితే, క్రాంక్‌ను గుర్తు నుంచి పావు చుట్టు వెనక్కి తిప్పి పిస్టన్లన్నీ మధ్యలో నిలిపాకే పైన క్యామ్‌ను తిప్పాలి. తర్వాత క్రాంక్‌ను గుర్తుకు తేవాలి.

నేను పని నేర్చుకునే రోజుల్లో చేసిన తప్పు చెబుతా. పాత బెల్టు జారుస్తుంటే వాల్వు స్ప్రింగుల బలానికి పైపుల్లీ టక్కున ఒక పన్ను ముందుకు దూకింది. నేను చూసుకోలేదు, దూకిన చోటే కొత్త బెల్టు వేసి, కవర్లన్నీ బిగించి, చేతులు కడుక్కుని టీ కూడా తాగాను. స్టార్ట్ అయింది. ట్రయల్‌కని కళ్యాణదుర్గం రోడ్డు ఎక్కితే మూడో గేర్‌లో ఆటో నన్ను దాటిపోయింది. మళ్లీ మొత్తం విప్పాను. ఆ రోజు నుంచి టెన్షనర్ బిగించాక చేత్తో రెండు చుట్లు తిప్పి గుర్తులు మళ్లీ చూడనిదే కవర్ ముట్టుకోను. తిప్పేది కూడా ఇంజిన్ తిరిగే దిక్కుకే, వెనక్కి తిప్పితే వదులుగా ఉన్న వైపు బెల్టు పన్ను దాటవచ్చు.

స్క్రూడ్రైవర్‌తో బెల్టును ఎక్కించొద్దు. పెట్రోల్‌తో కడగొద్దు.

బెల్టుతో పాటు ఇంకేం మార్చాలి?

టెన్షనర్ బేరింగ్ తప్పనిసరి, బెల్టుకు దారి చూపే ఐడ్లర్ చక్రం ఉంటే అదీ. చేత్తో తిప్పితే గరగరలాడినా, అసలు శబ్దం లేకుండా మరీ వదులుగా గిర్రున తిరిగినా గ్రీజు అయిపోయినట్టే. క్యామ్ ఆయిల్ సీల్, క్రాంక్ ముందు సీల్ కూడా ఈ పనిలోనే మార్చేయండి. సామాను ధర తక్కువ, తర్వాత కారితే కూలి మళ్లీ మొదటి నుంచి. వాటర్ పంప్‌ను ఈ బెల్టే తిప్పే బండ్లయితే పంపు కూడా. బెల్టు ఒక్కటి మార్చి మిగతావి వదిలేస్తే ఖర్చు మిగిలిందని నేను అనుకోను.

హెడ్ దించాల్సి వస్తే ఏమేం చేస్తారు?

వంగిన వాల్వులు తీసి కొత్తవి వేయాలి, వంగినదాన్ని సరిచేస్తామంటే ఒప్పుకోకండి. వాల్వు కాడ ఆడే గైడ్లు పగిలాయా చూడాలి. లేత్‌లో హెడ్ ఫేసింగ్ అవసరమా అని స్కేల్ పెట్టి చూస్తారు, వాల్వులు కూర్చునే సీట్లు కోస్తారు, ఆ తర్వాత గ్రైండింగ్ పేస్ట్ పెట్టి ఒక్కో వాల్వును సీటులో రుద్దుతారు. సీటు మీద బూడిద రంగు గీత చుట్టూ ఒకే వెడల్పున పడాలి. పని అయ్యాక పోర్టులు, అంటే గాలి వచ్చే, పొగ పోయే దారులు, పైకి ఉండేలా హెడ్ పెట్టి వాటిలో పెట్రోల్ పోసి పది నిమిషాలు వదిలేస్తే కారేదేదో తెలుస్తుంది. ఈ పరీక్ష మీ కళ్ల ముందు చేయమనండి, ఎవరూ కాదనరు. పిస్టన్ నెత్తిన చిన్న గుర్తులుంటే అంచులు నున్నగా చేసి వాడుకోవచ్చు, పగులు ఉంటే మార్చాల్సిందే. ప్యాకింగ్ కొత్తది, బోల్టులు మధ్య నుంచి బయటికి వరస ప్రకారం, టార్క్ రెంచ్‌తో. లేత్ షాపు ఖాళీని బట్టి మూడు నాలుగు రోజులు పడుతుంది.

ఘాట్‌లో దిగుతుంటే ఇంజిన్ ఆగిపోతే?

గువ్వలచెరువు కానీ, ఆత్మకూరు నుంచి దోర్నాల వైపు నల్లమల రోడ్డు కానీ, ఇంజిన్ గురించి తర్వాత ఆలోచించండి. ఇంజిన్ ఆగితే బ్రేక్ బూస్టర్‌లో మిగిలిన వ్యాక్యూమ్ ఒకటి రెండు తొక్కుడులకే సరిపోతుంది. కాబట్టి వదిలి వదిలి తొక్కకుండా ఒకేసారి గట్టిగా నొక్కి పట్టి, పక్కకు తీసి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాల కింద రాళ్లు పెట్టండి. పవర్ స్టీరింగ్ ఉంటే అది బిగుసుకుంటుంది, రెండు చేతులా తిప్పాలి. తాళం మాత్రం పూర్తిగా వెనక్కి తిప్పి లాగొద్దు, స్టీరింగ్ లాక్ పడుతుంది.

సెకండ్ హ్యాండ్ కొన్నాను. బెల్టు మార్చారో లేదో తెలియదు.

మార్చలేదనే అనుకోండి. బిల్లు చూపిస్తే తప్ప అమ్మినవాళ్ల మాట లెక్కలోకి రాదు, మీటరు అంకె అంతకన్నా రాదు. కర్నూలు వైపు కొన్న పాత బండి అయితే ఇంకొకటి కూడా చూస్తాను. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర ఊళ్లోకి వచ్చినప్పుడు మునిగిన బండ్లు కొన్ని చేతులు మారి ఇంకా తిరుగుతున్నాయి. టైమింగ్ కవర్ అడుగున ఎండిన ఒండ్రు మట్టి పొర, బేరింగ్ చుట్టూ తుప్పు కనిపిస్తే అడగండి.

ఖర్చు ఎంత అవుతుంది?

బండిని బట్టి, సామాను కంపెనీని బట్టి మారుతుంది, ఇక్కడ అంకె రాస్తే రేపు మీరు మీ మెకానిక్‌తో గొడవ పడతారు. బెల్టు, బేరింగ్, సీళ్లు ముందే మార్చుకుంటే ఒక పూట పని. తెగాక హెడ్ దించితే బిల్లులో ఒక సున్నా ఎక్కువ పడుతుందని లెక్కేసుకోండి.

మార్చిన తేదీ ఎక్కడ రాసుకోవాలి?

డైరీలో రాస్తే డైరీ పోతుంది. టైమింగ్ కవర్ మీదే తెల్ల పెయింట్‌తో నెల, ఏడు, మీటరు అంకె మూడూ రాయండి, బానెట్ ఎత్తిన ప్రతి మెకానిక్‌కూ కనిపించేలా. మా మామ కారు కవర్ మీద నేనే రాశాను. ఏడాది తర్వాత ఎవరో సర్వీసింగ్‌లో డీజిల్‌తో తుడిచేశారు, ఇప్పుడు మేకుతో గీకి రాశాను.